పడ్డాడా, దించారా?

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

బెంగళూరు, చెన్నై, షోలాపూర్, బరంపురం, యానాం నుంచి రాత్రంతా రైళ్లలో, బస్సుల్లో ప్రయాణం చేసి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, మీ వెంట వచ్చిన పెద్దలకూ వందనాలు. పౌర సంబంధాలు, సమాచార రంగంలో అప్రెంటిస్‌గా పనిచేసిన అనుభవం చెప్పమని మమ్మల్ని పిలిచారు. "పిల్లలకు పనికొచ్చేది చెప్పండి పాస్టర్ గారూ, వర్తమానం ఆదివారం చెబుదురు గాని" అని కార్యదర్శి గారు ఫోన్‌లోనే షరతు పెట్టారు. ఆ షరతుకు లోబడే మాట్లాడతాం.

మేము అంటే ఇద్దరం. ఒకరు వేదాంత కళాశాలలో పట్టా తీసుకుని వచ్చిన పాస్టరు, అంటే ఇప్పుడు మీ ముందు మైకు పట్టుకున్న మనిషి. ఇంకొకరు బి.కాం. చదివి మా సండే స్కూలు నడిపిన టీచరమ్మ. ఇద్దరిదీ కోలారు గోల్డ్ ఫీల్డ్స్. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా ఊరికి మిగిలింది సైనైడ్ మట్టి దిబ్బలూ, బెంగళూరు రైలూ. మారికుప్పం నుంచి తెల్లవారుజామున బయలుదేరే ఆ రైల్లో నిలబడడానికి చోటు దొరికితే అదే ఆ రోజుకు ఆశీర్వాదం. మేమిద్దరం ఒక ఏడాది పాటు ఆ రైల్లోనే వెళ్లి, బెంగళూరులో ఒక పౌర సంబంధాల సంస్థలో పని నేర్చుకున్నాం. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఇచ్చిన స్టైపెండ్ రైలు పాసుకూ మధ్యాహ్నం భోజనానికీ సరిపోయేది.

పాస్టరుకు ఆ పని ఎందుకని సంఘంలోనే కొందరు అడిగారు. కారణం చాలా మామూలుది. మా పేటలో నీళ్లు రాలేదని ధర్నా చేసినా, పింఛను ఆగిందని మెమొరాండం ఇచ్చినా పేపర్లో రాలేదు. వస్తే రెండు లైన్లు, అందులోనూ పేట పేరు తప్పు. అదే రోజు ఒక నగల దుకాణం ప్రారంభోత్సవానికి అరపేజీ వచ్చేది. అది డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన కూడా కాదు, వార్తే. ఆ వార్త ఎలా వస్తుందో దగ్గరుండి చూడాలనిపించింది.

మొదటి మూడు నెలలూ కత్తెర పని. పొద్దున్నే ఇంగ్లీషు, కన్నడ, తమిళ, తెలుగు పేపర్లు ముందేసుకుని, క్లయింట్ల పేరు ఎక్కడ కనిపించినా కత్తిరించి, తెల్ల కాగితం మీద అతికించి, స్కేలు పెట్టి ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో కొలవాలి. అంత స్థలానికి ప్రకటన ఇస్తే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి పక్కన రాయాలి. క్లయింటుకు పంపే నెలవారీ నివేదికలో ఆ అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. విసుగు పుట్టించే పనే. కానీ మూడు నెలలు రోజూ అన్ని పేపర్లూ కొలిస్తే, ఏ పేజీ ఎవరిదో, ఎవరి చావుకు ఎన్ని సెంటీమీటర్లో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పారిశుద్ధ్య కార్మికుడు చనిపోయిన వార్తను మేము ఒకసారి ఊరికే కొలిచి చూశాం. నాలుగు సెంటీమీటర్లు. మనిషి పేరు లేదు. "ఆంధ్ర మూలానికి చెందిన కూలీ" అని ఉంది. నాలుగు తరాలుగా కర్ణాటకలో ఉంటూ, అక్కడి రేషన్ కార్డు, అక్కడి ఓటు ఉన్న కుటుంబం అది. చెన్నైలో, ముంబైలో ఉన్న మీకు ఈ మాట కొత్త కాదనుకుంటాం. మనం మాట్లాడే భాషను బట్టి మనల్ని నిన్ననే రైలు దిగినవాళ్లను చేస్తారు.

తరువాత విలేకరుల జాబితా అప్పగించారు. ఎవరు ఏ పేపరు, ఏ విషయం రాస్తారు, డెస్కులో పేజీ ఎన్ని గంటలకు మూస్తారు, ఎవరికి ఉదయం ఫోన్ చేయాలి, ఎవరికి సాయంత్రం నాలుగు దాటితే చేయకూడదు, ఇవన్నీ అందులో ఉంటాయి. సంస్థకు అసలు ఆస్తి ఆ జాబితాయే. మన సంఘాల దగ్గర లేనిది కూడా అదే. మనం ధర్నా ముగించుకుని, టీ తాగి, రాత్రి ఏడింటికి ఫోటో పంపుతాం. అప్పటికి జిల్లా పేజీ అయిపోయి ఉంటుంది. మర్నాడు వార్త రాకపోతే పేపరు వాళ్లకు మనమంటే గిట్టదంటాం. ఒక్కోసారి ఆ మాట నిజమే, ఒక్కోసారి కారణం గడియారం.

ఆ ఏడాదిలో మాకు నిద్ర పట్టనివ్వని రోజు ఒకటుంది. ఒక క్లయింటు కట్టిస్తున్న భవనం దగ్గర ఒక కూలీ చనిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. రెండింటికల్లా ప్రకటన సిద్ధం కావాలన్నారు. ఆ రంగంలో దాన్ని తొలి ప్రకటన అంటారు. వివరాలు ఇంకా తెలియవు, కానీ ఏదో ఒకటి అందరికంటే ముందు మనమే చెప్పాలి, ఎందుకంటే ముందు చెప్పినవాడి మాటే హెడ్డింగ్ అవుతుంది. ముసాయిదా రాసే పని మాకు వచ్చింది. చనిపోయిన వ్యక్తి పేరు, ఊరు, వయసు, ఎన్నో అంతస్తు మీద ఉన్నాడు, నడుముకు తాడు ఉందా లేదా, ఇవన్నీ అడిగి తెలుసుకుని రాశాం. మా పై అధికారి కలం తీసుకుని ఒక్కొక్కటే కొట్టేశారు. పేరు పోయింది. తాడు సంగతి పోయింది. కాంట్రాక్టరు పోయాడు. చివరికి మిగిలింది, "దురదృష్టకర సంఘటనలో ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోవడం పట్ల సంస్థ తీవ్ర విచారం వ్యక్తం చేస్తోంది" అని ఒక వాక్యం. పేరెందుకు తీసేశారని టీచరమ్మ అడిగింది. పేరుంటే విలేకరి ఇంటికి వెళతాడు, పేరు లేకపోతే ఈ వాక్యం దగ్గరే ఆగిపోతాడు అన్నారాయన. కోపంగా కాదు, కొత్తవాళ్లకు పని నేర్పే ఓపికతోనే చెప్పారు.

ఆ రాత్రి తిరుగు రైల్లో మేమిద్దరం ఆ వాక్యం గురించే మాట్లాడుకున్నాం. బళ్లో కర్త, కర్మ, క్రియ అని నేర్చుకున్నాం కదా. ఆ వాక్యంలో ప్రాణాలు కోల్పోయినవాడే కర్త. అంటే ఆ పని చేసింది కూడా అతనే అన్నట్టు ఉంది. ఇంకెవరూ ఏమీ చేయలేదు. పేపర్లో రోజూ వచ్చే "మ్యాన్‌హోల్‌లో పడి కార్మికుడి మృతి" కూడా అలాంటిదే. పడ్డాడట. ఎవరు పిలిచారు? మూత ఎవరు తీశారు? నడుముకు తాడు కట్టి లోపలికి ఎవరు దించారు? పడ్డాడు అంటే పడినవాడి పొరపాటు. దించారు అంటే దించినవాడి నేరం. కన్నడంలోనూ అంతే, బిద్దు వేరు, ఇళిసిదరు వేరు. తమిళం, మరాఠీ, ఒడియాల్లో ఆ రెండు మాటలూ ఏమిటో మీరే మాకు చెప్పాలి.

ఇది మాటల పట్టింపు కాదు. 2013 చట్టం ప్రకారం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి రోజు పేపర్లో, పోలీసు కాగితంలో "జారిపడ్డాడు" అని పడితే, దాన్ని "దించారు"గా మార్చడానికి ఆ ఇంటి ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ పౌర సంబంధాల వృత్తి ఎక్కడ మొదలైందో శిక్షణలో మాకు చెప్పారు. ఐవీ లీ అనే అమెరికన్ పేరు చెప్పారు. ఆయన మెథడిస్టు పాస్టరు కొడుకు, కాబట్టి మేము కొంచెం నిటారుగా కూర్చున్నాం. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు, దాచిపెట్టడం మాని విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లమని రైల్వే కంపెనీకి సలహా ఇచ్చి, వివరాలతో ప్రకటన ఇప్పించాడు. ప్రెస్ నోట్ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. శిక్షణ పాఠం అక్కడితో ఆగింది. మిగతాది మేము తరువాత చదువుకున్నాం. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లో అనే చోట, సమ్మెలో ఉన్న బొగ్గు గని కార్మికుల గుడారాల మీద సైనిక దళం, కంపెనీ కాపలాదారులు దాడి చేశారు. గుడారం కింద తవ్వుకున్న గోతిలో దాక్కున్న ఇద్దరు తల్లులు, పదకొండు మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ కంపెనీలో ప్రధాన వాటాదారు రాక్‌ఫెల్లర్ కుటుంబం. వాళ్లు పిలిపించుకున్నది ఇదే ఐవీ లీని. స్టవ్వు బోర్లా పడి గుడారం అంటుకుందని ఆయన పంచిన ప్రకటనల్లో ఉంది. అప్టన్ సింక్లెయిర్ అనే రచయిత ఆయనకు "పాయిజన్ ఐవీ" అని పేరు పెట్టాడు. అది అక్కడ ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచే తీగ. ఎనిమిదేళ్ల తేడాలో అదే మనిషి, అదే పనితనం. గని ఊళ్లో పుట్టినవాళ్లం కాబట్టి మాకు ఆ స్టవ్వు కథ ఇప్పటికీ మరుపు రాదు.

బైబిలు తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. నోటి మాంద్యం ఉన్న మోషేకు అహరోను ప్రతినిధిగా నిలబడ్డాడు, ఫరో ముందు బానిసల పక్షాన మాట్లాడాడు. ఆ అహరోనే, మోషే కొండ మీద ఉన్నప్పుడు, జనం అడిగారని బంగారు దూడను చేసి ఇచ్చాడు. తరువాత సంజాయిషీ అడిగితే, బంగారం అగ్నిలో వేస్తే దూడ దానంతట అదే బయటికొచ్చిందన్నట్టు చెప్పాడు. కర్త లేని వాక్యం అంత పాతది. కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు, వర్తమానం ఇక్కడితో ఆపుతాం.

ఈ పనితనాన్ని మనవాళ్ల కోసం వాడినవాళ్లు ఉన్నారా? మా ఊరివాడే ఉన్నాడు. బెజవాడ విల్సన్ గారు 1966లో కేజీఎఫ్‌లో, తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టారు. 1986లో ఆయన మొదలుపెట్టింది ఉత్తరాల ఉద్యమం. గనుల కంపెనీకి, మంత్రులకు, పత్రికలకు రాస్తూ పోయారు. చాలావాటికి జవాబు రాలేదు. ఊళ్లో పొడి మరుగుదొడ్లే లేవని అధికారులు అంటే, అవి ఉన్నాయని ఫోటోలతో చూపించారు. 1994లో ఎస్.ఆర్. శంకరన్ గారు, పాల్ దివాకర్ గార్లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ స్థాపించారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో విల్సన్ గారికి మెగసెసే పురస్కారం ఇచ్చారు.

వాళ్ల పనిలో మేము ప్రత్యేకంగా చూడమనేది ఒక చిన్న విషయం. 2015 డిసెంబరు నుంచి 2016 ఏప్రిల్ వరకు 125 రోజులు దేశమంతా బస్సులో తిరుగుతూ భీమ్ యాత్ర చేశారు. దాని నినాదం, మమ్మల్ని చంపడం ఆపండి అని. మా చావులు ఆపండి అనలేదు, ప్రమాదాలు తగ్గించండి అనలేదు. చంపడం అనే క్రియకు చంపేవాడు ఒకడు కావాలి. ఒక్క క్రియ మార్చారు, సర్కారు జవాబు చెప్పుకోవాల్సిన చోట నిలబడింది. మేము పనిచేసిన ఆఫీసులో లక్షలు తీసుకునే నిపుణులు కూడా దానికంటే మంచి వాక్యం రాయలేరని మా నమ్మకం.

ఇక మా చేతుల మీదుగా జరిగినది. అప్రెంటిస్‌షిప్ ముగిసి చాలా ఏళ్లయ్యాక, 2014 తీర్పు వచ్చిన తరువాత, మాకు దగ్గర్లోని ఒక పట్టణంలో అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకులోకి దిగిన ఇద్దరు చనిపోయారు. అందులో ఒకతను మాకు ఎరిగిన కుటుంబం. మేము వెళ్లేసరికి ఉదయం పదకొండు. ఇంటి ముందు ఆడవాళ్లు ఏడుస్తున్నారు, సెల్‌ఫోన్లు పట్టుకుని కుర్రాళ్లు ఫోటోలు తీస్తున్నారు. టీచరమ్మ ముందు చేసిన పని ఆ ఫోన్లు కిందికి దింపించడం. తరువాత భార్య పక్కన కూర్చుని, "అమ్మా, నీ మొగుడి గురించి పేపర్లో ఏం రాయాలో నువ్వు చెప్పు, ఏం రాయొద్దో కూడా నువ్వే చెప్పు" అని అడిగింది. ఏడుస్తున్న ఫోటో వద్దంది. తాగి ఉన్నాడని రాస్తారేమో, అతను తాగడు, అది రాయమంది. రాత్రి తొమ్మిదికి కాంట్రాక్టరు ఫోన్ చేసి పిలిచాడని, ఫోన్‌లో ఆ నంబరు ఉందని చూపించింది. పేరులో ఇంటిపేరు కూడా పడాలంది.

ప్రెస్ నోట్ ఒక్క పేజీ. మొదటి పేరాలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు దించారు. రెండో పేరాలో ఇచ్చినవి, ఇవ్వనివి: తాడు ఉంది, మాస్కు లేదు, విషవాయువు పరీక్ష చేయలేదు. మూడో పేరాలో చట్టం, తీర్పు. చివర ఫోన్ నంబరు. మాకు రూఢిగా తెలియనిది ఒక్కటీ రాయలేదు. ఇంకో కుటుంబంతో అప్పటికి మాట్లాడలేకపోయాం, అందుకే ఆ రెండో మనిషి గురించి పేరు, వయసు మాత్రమే పెట్టాం. కన్నడంలో ముందు, ఇంగ్లీషులో తరువాత, తెలుగులో ఆఖరున తయారైంది. రెండున్నరకల్లా అందరికీ చేరింది. మర్నాడు రెండు పేపర్లు "దించారు" అనే రాశాయి. ఒకటి "పడి" అనే రాసింది. డీసీ ఆఫీసులో మేము చూపించినవి ఆ రెండే. పరిహారం చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కాంట్రాక్టరు మీద కేసు ఇంకా నడుస్తోంది.

ఆ రోజు మాలో మేము వాదించుకున్న విషయం ఒకటి మీ ముందు పెట్టాలి, ఎందుకంటే అది మన సమాజానికే ఉన్న చిక్కు. నోట్‌లో "క్రైస్తవ కుటుంబం" అని రాయాలా? మా వెంట వచ్చిన ఒక పెద్దాయన రాయాలన్నారు, సంఘానికి సాక్ష్యంగా ఉంటుందన్నారు. మేము రాయలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా మీలో కొందరికి ఇంట్లోనే తెలుసు. మొదట హిందువులకు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా ఇచ్చారు. దళిత క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. సెప్టిక్ ట్యాంకు పరిహారానికి కులంతోనూ మతంతోనూ పని లేదు. కానీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాలన్నా, పిల్లలకు స్కాలర్‌షిప్ కావాలన్నా సర్టిఫికెట్ కావాలి. మనం గొప్ప కోసం రాసిన ఒక్క మాటను రేపు ఎవరైనా కత్తిరించి తహసీల్దారు బల్ల మీద పెట్టవచ్చు. మూడు నెలలు కత్తెర పట్టినవాళ్లం, కత్తిరించినవి ఎక్కడికి పోతాయో మాకు తెలుసు. విలేకరి నేరుగా అడిగితే అబద్ధం చెప్పం. కానీ ఆ ఇంటివాళ్లు చెప్పమననిది మనంతట మనం చెప్పం. ఆ ఉత్తర్వే అన్యాయమని పోరాడే వేదికలు వేరే ఉన్నాయి, అక్కడ గట్టిగానే మాట్లాడతాం. చనిపోయిన మనిషి ఇంటిని దానికి జెండా కర్ర చేయకూడదని మా అభిప్రాయం. పెద్దాయన ఇప్పటికీ మాతో ఏకీభవించరు.

ఉద్యోగాల సంగతికి వస్తాం. ఈ పని నేర్చుకోవాలనుకుంటే ఇప్పుడు దారి మా రోజుల కంటే మేలు. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. 2014 సవరణతో ఇంజినీరింగ్ కాని డిగ్రీలవాళ్లకు కూడా తలుపు తెరుచుకుంది, అంటే బి.ఎ., బి.కాం. వాళ్లు కూడా చేరవచ్చు. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 అని పెట్టారు. అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఒప్పందం కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేస్తారా లేదా అని. చేస్తే అది అప్రెంటిస్‌షిప్. "ఇంటర్న్‌షిప్ ఇస్తాం, అనుభవం వస్తుంది" అని చేతులు ఊపితే, మీ చేత ఆరు నెలలు ఉచితంగా పోస్టులు పెట్టించుకుంటారన్నమాట. ఆడపిల్లలు ఇంకొకటి కూడా అడగండి, రాత్రి ఆలస్యమైతే ఇంటికి పంపే ఏర్పాటు ఉందా అని. టీచరమ్మ అది మొదటి రోజే అడిగింది. చివరి రైలు తప్పిన రెండు రాత్రులూ వాళ్లే కారులో దిగబెట్టారు.

మీకు ఒక మేలు ఉంది, మీరు దాన్ని లోటు అనుకుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో, కాలేజీలో ఇంగ్లీషు. మా సంస్థలో ఇంగ్లీషు నోట్‌ను కన్నడంలోకి మార్చడానికి బయటివాళ్లకు డబ్బు ఇచ్చేవాళ్లు. ఆ పని మేము చేస్తామనేసరికి మాకు బల్ల, కుర్చీ దొరికాయి, అంతవరకు కారిడార్‌లో స్టూలే. యానాం నుంచి వచ్చిన పిల్లలు, మీ ఊళ్లో తెలుగు, మీ ప్రభుత్వం ఉన్న పుదుచ్చేరిలో తమిళం. రెండూ రాయగలిగిన మనిషి మీలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. ముగ్గురు. సరే, మీ ముగ్గురూ ముందు వరుసలోకి రండి.

భోజనాల తరువాత టీచరమ్మ వెనక గదిలో కూర్చుంటుంది. రాష్ట్రానికో బల్ల వేశారు. మీ జిల్లా విలేకరుల పేర్లు, పేజీ మూసే వేళలు మీకు తెలిసినంతవరకు కాగితం మీద రాయండి. తెలియని చోట ఖాళీ ఉంచండి, ఊహించి నింపొద్దు. రెండో కాగితం మీద పడ్డాడు, దించారు అనే రెండు మాటలకూ మీ రాష్ట్ర భాషలో సరైన మాటలు రాసివ్వండి. పెన్నులు పది మాత్రమే ఉన్నాయట, సొంత పెన్నులున్నవాళ్లు తెచ్చుకోండి.